గోడపత్రికలో మేము రాయని వార్త

మన హాస్టల్ వార్షికోత్సవ సంచికకు పాత విద్యార్థినులు కూడా ఏదైనా రాసి పంపాలని వార్డెన్ మేడం కబురు పెట్టారు. మా బ్యాచ్ పదకొండు మందిమీ ఫోన్లలో మాట్లాడుకున్నాం. ఎవరికి వారు రాస్తే అందరివీ ఒకేలా ఉంటాయి. పైగా మాలో కొందరు కలం పట్టి చాలా ఏళ్ళయింది. అందుకని అందరి తరఫునా ఒకటే రాద్దామనుకున్నాం. రాసింది ఒకరు, చదివి దిద్దింది పది మంది. కాబట్టి ఇందులో 'నేను' ఎక్కడా కనపడదు. హాస్టల్లో ఎలాగూ 'నేను' ఉండదు కదా! ఒకే సబ్బు, ఒకే దువ్వెన, ఒకరికి జ్వరం వస్తే వారంలో అందరికీ జ్వరం.

మేము 1998 జూన్‌లో మూడో తరగతిలో చేరాం. 2006 మార్చిలో పదో తరగతి పరీక్షలు రాసి వెళ్ళిపోయాం. ఎనిమిదేళ్ళు ఈ గోడల మధ్యనే పెరిగాం. ఇప్పుడు మాలో ఒకరు టీచరు, ఒకరు బస్సు కండక్టరు, ఇద్దరు అంగన్‌వాడీల్లో పనిచేస్తున్నారు, ఒకరు కుట్టు మిషన్ పెట్టుకున్నారు, మిగతావాళ్ళు వ్యవసాయం, కూలిపని, ఇల్లు చూసుకుంటున్నారు. ఎవరం ఎక్కడున్నా ఏప్రిల్ నెల వచ్చిందంటే మాకు హాస్టలే గుర్తుకొస్తుంది. ఎందుకో చెప్పడానికే ఇది రాస్తున్నాం.

ముందు మా రోజులు ఎలా ఉండేవో కొంచెం చెబుతాం. ఇప్పటి చెల్లెళ్ళకు నవ్వు రావచ్చు.

పొద్దున్నే ఐదింటికి వాచ్‌మన్ తాత రైలుపట్టా ముక్క మీద కొట్టేవాడు. అదే మాకు గంట. లేచి బోరింగు దగ్గర వరుస కట్టేవాళ్ళం. స్టడీ అవర్, ప్రార్థన, టిఫిను, తర్వాత ఇద్దరిద్దరు చేతులు పట్టుకుని వరుసగా బడికి. మా బడి బాలికల ప్రాథమికోన్నత పాఠశాల, ఏడో తరగతి దాకానే ఉండేది. సాయంత్రం గుగ్గిళ్ళు, రాత్రి దొడ్డు బియ్యం అన్నం, నీళ్ళ చారు. వారంలో గుడ్డు పెట్టే రోజు మాకు పండగ. గుడ్డును ముందు తినాలా, చివరికి దాచుకోవాలా అనేది అప్పట్లో మాకు పెద్ద చర్చ. దాచుకున్నవాళ్ళ గుడ్డు పక్కవాళ్ళ కంచంలోకి వెళ్ళిపోయేది కూడా. ఆదివారం ఒకరి వెనక ఒకరం రైలు డబ్బాల్లా కూర్చుని పేలు చూసుకునేవాళ్ళం. అందరికన్నా చివర కూర్చున్న అమ్మాయి తల చూసేవాళ్ళుండరు కనుక వారం వారం చోట్లు మార్చుకునేవాళ్ళం.

2015 జనవరి నుంచి తెలంగాణ హాస్టళ్ళకు సన్నబియ్యం ఇస్తున్నారు. 2024 నవంబరులో మెస్ ఛార్జీలు కూడా పెంచారు. మూడు నుంచి ఏడో తరగతి వాళ్ళకు నెలకు 950 రూపాయలు ఉన్నది 1,330 అయింది. ఈ మాట విన్నప్పుడు మాకు సంతోషం వేసింది, కొంచెం ఈర్ష్య కూడా వేసింది. మా చెల్లెళ్ళ కంచాలు మా కంచాల కన్నా బాగుండాలి. అది న్యాయమే.

ఇక గోడపత్రిక సంగతి. దసరా సెలవులకు ముందు ఒకసారి, సంక్రాంతికి ముందు ఒకసారి, వేసవి సెలవులకు ముందు ఒకసారి, ఏడాదికి మూడుసార్లు మేము ఒక చార్టు మీద 'హాస్టల్ వార్తలు' రాసి భోజనాల హాల్లో అన్నం మెతుకులతో అతికించేవాళ్ళం. మంచి దస్తూరీ ఉన్న అమ్మాయి రాసేది, బొమ్మలు వచ్చిన అమ్మాయి అంచున పూలు వేసేది, మిగిలిన వాళ్ళం వార్తలు చెప్పేవాళ్ళం. సెలవులకు ఇళ్ళకు తీసుకుపోవడానికి వచ్చిన అమ్మానాయినలు పిల్లల పెట్టెలు సర్దేదాకా ఆ గోడ ముందు నిలబడేవాళ్ళు. చదవడం రానివాళ్ళకు మేము చదివి వినిపించేవాళ్ళం. "మా పిల్ల పేరు యాడుంది?" అని అడిగేవాళ్ళు. వేలు పెట్టి చూపిస్తే ఆ అక్షరాలను తడిమి చూసుకునేవాళ్ళు. అందుకే ప్రతి అమ్మాయి పేరూ ఏదో ఒక వార్తలో వచ్చేలా రాయాలని మేము నియమం పెట్టుకున్నాం.

2003 ఏప్రిల్ చార్టు మాకు ఇప్పటికీ గుర్తుంది. అప్పుడు మేము ఏడో తరగతి. దాని మీద ఉన్న వార్తలు ఇవి.

బోరు ఎండిపోయింది. 2002లో వానలు పడలేదు కదా, ఫిబ్రవరికే నీళ్ళు అడుగంటాయి. ట్యాంకరు వస్తోంది. ఒక్కొక్కరికి రోజుకు రెండు బకెట్లు. నీళ్ళు వృథా చేసిన వాళ్ళ పేర్లు లీడరక్క రాసుకుంటోంది.

మార్చి 23న ఆదివారం వాచ్‌మన్ తాత రేడియోలో క్రికెట్ ప్రపంచకప్ ఫైనల్ విన్నాం. ఆస్ట్రేలియా చేతిలో మనవాళ్ళు ఓడిపోయారు. ఆ రాత్రి అన్నం మిగిలింది.

ఖోఖోలో మన అమ్మాయిలు పక్క మండలం మీద గెలిచారు. చెప్పులు లేకుండా ఆడి గెలిచారు.

ఏప్రిల్ 14న అంబేద్కర్ జయంతి చేశాం. నాలుగో తరగతి చెల్లెలు ఉపన్యాసం మధ్యలో మరిచిపోయి, "తర్వాత కూడా ఆయన చాలా చదివారు" అని ముగించింది. అందరూ చప్పట్లు కొట్టారు.

వంటక్కకు మనవడు పుట్టాడు. బెల్లం పంచింది.

ఏడో తరగతి వాళ్ళు జిల్లా కామన్ పరీక్షలు రాశారు. పద్నాలుగు మందీ బాగా రాశామంటున్నారు.

ఇలా చార్టు నిండిపోయింది. అయితే ఆ పద్నాలుగు మందిలో పదమూడు మందిమి ఒక వార్త రాయలేదు. మాకు తెలిసి కూడా రాయలేదు.

మాలో ఒక అమ్మాయికి నీలం పెట్టె ఉండేది. హాస్టల్లో అందరికీ ఇచ్చే రేకు పెట్టెలు ఒకటే రంగు. వాళ్ళ నాయిన బొంబాయిలో పనిచేసిన బిల్డింగు దగ్గర మిగిలిన రంగు డబ్బా తెచ్చి బిడ్డ పెట్టెకు వేశాడు. దాంతో ఆమెను అందరం 'నీలం పెట్టె' అనే పిలిచేవాళ్ళం. ఆమె అసలు పేరు ఇక్కడ రాయడం లేదు. ఎందుకో తర్వాత చెబుతాం.

లెక్కల్లో ఆమెను మించినవాళ్ళు లేరు. తొంభై ఆరు మందికి తలా ఇన్ని గ్రాములంటే పప్పు ఎన్ని కిలోలు కావాలో వంటక్క గిన్నె దించేలోపు చెప్పేసేది. వంటక్క లెక్క తప్పినప్పుడల్లా "ఆ నీలం పెట్టెను పిలువుండ్రి" అని కేకేసేది. పరీక్ష ముందు రోజు మాలో సగం మంది ఆమె చుట్టూ కూర్చునేవాళ్ళం.

పరీక్షలు అయిపోయిన రాత్రి ఎండవేడికి అందరం వరండాలో జంబుఖానాలు పరుచుకుని పడుకున్నాం. అప్పుడు ఆమె మెల్లగా చెప్పింది. "నాకు పెండ్లి జేస్తున్నరు. మే నెలల. ఎవ్వరికి చెప్పొద్దు. అన్నం మీద ఒట్టు."

ఎందుకు చేస్తున్నారో కూడా ఆమే చెప్పింది. ఊళ్ళో కరువు. అమ్మానాయిన మేస్త్రి దగ్గర అడ్వాన్సు తీసుకున్నారు, మళ్ళీ బొంబాయి పోవాలి. పెద్దమనిషి అయిన పిల్లను ఊళ్ళో ఒంటరిగా ఎలా వదిలిపోవాలి? పనిచేసే చోట గుడిసెల్లో ఎలా ఉంచుకోవాలి? ఏడు అయిపోయింది, ఎనిమిదికి ఊరవతల మగపిల్లలు కూడా చదివే హైస్కూలుకు పోవాలి. అది వాళ్ళ నాయినమ్మకు ఇష్టం లేదు. చిన్నపిల్ల అయితే కట్నం తక్కువ అడుగుతారు. ఇవన్నీ ఆమె పెద్దవాళ్ళ గొంతుతోనే చెప్పింది, లెక్క చేసి చూపించినట్టు. అప్పటికి ఆమెకు పదమూడేళ్ళు.

మేము ఒట్టు వేశాం. ఆమె మా మీద నమ్మకంతో చెప్పింది, ఆ నమ్మకం నిలబెట్టాలి అనుకున్నాం. మా ఊళ్ళలో మా అక్కలకు కూడా ఆ వయసులోనే పెళ్ళిళ్ళయ్యాయి. అది తప్పని తెలుసు గానీ, ఆపవచ్చని మాకు తెలియదు. ఇంకో మాట కూడా దాచకుండా చెప్పాలి. మాలో ఒకరిద్దరికి కొత్త చీర, గాజులు, మెట్టెల మాట విని లోపల ఆశ కూడా కలిగింది.

సెలవులిచ్చే రోజు వాళ్ళ నాయిన వచ్చాడు. వేసవికి ఇంటికి పోయేటప్పుడు ఎవరమూ పెట్టె తీసుకుపోము. బట్టలు సంచిలో వేసుకుని, పెట్టెకు తాళం వేసి స్టోరు రూములో పెట్టి పోతాం. ఆమె మాత్రం పెట్టె తీసుకుంది. వార్డెన్ మేడం చూసి, "పెట్టె ఎందుకమ్మా?" అని అడిగారు. "తాళం ఖరాబైంది మేడం, నాయిన బాగు చేపిస్తడు" అంది. మేము పక్కనే ఉన్నాం. తాళం బాగానే ఉందని మాకు తెలుసు. ఎవరమూ నోరు తెరవలేదు. వాళ్ళ నాయిన నీలం పెట్టె నెత్తిన పెట్టుకుని ముందు నడిచాడు, ఆమె వెనక నడిచింది. గేటు దగ్గర తిరిగి చూసి చెయ్యి ఊపింది. మేమూ ఊపాం.

జూన్‌లో బడి తెరిచారు. ఎనిమిదో తరగతికి పదకొండు మందిమే తేలాం. ఒకరికి గురుకులంలో సీటు దొరికింది. ఒకరు అమ్మానాయినలతో వేరే జిల్లాకు పోయారు. ఆ ఇద్దరి సంగతీ వార్డెన్ మేడానికి తెలుసు. మూడో అమ్మాయి ఏమైందో తెలియక వారం రోజులు ఎదురుచూసి, ఒక సాయంత్రం మమ్మల్ని వరుసగా నిలబెట్టి అడిగారు. మొదట ఎవరమూ చెప్పలేదు. మాలో ఒకరు ఏడ్చేశారు. ఆ తర్వాత అందరమూ చెప్పేశాం.

మేడం తిట్టలేదు. తిడితే బాగుండేది. చాలాసేపు ఊరుకుని, "ఏప్రిల్‌లో నాకొక్క మాట చెప్పి ఉంటే బస్సెక్కి పోయి అడ్డం పడుదును. ఇప్పుడు పోతే కొత్త పెండ్లికూతురికి చీర పెట్టి రావాలె" అన్నారు. అయినా మరునాడు వెళ్ళారు. రాత్రి ఆఖరి బస్సుకు తిరిగి వచ్చారు. ఆ అమ్మాయి అత్తవారితో అప్పటికే బొంబాయి పోయిందట. ఆ రాత్రి వంటక్క పప్పు లెక్క తప్పింది. ఎవరినీ పిలవలేదు.

ఆ ఏడాదే శాంతా సిన్హా గారికి రామన్ మెగసెసే అవార్డు వచ్చింది. రంగారెడ్డి జిల్లాలో ఎం.వి. ఫౌండేషన్ ద్వారా పనిలో ఉన్న పిల్లలను ఊరూరా తిరిగి బడిలో చేర్పించిన ఆమె గురించి పేపర్లో పడితే, వార్డెన్ మేడం స్టడీ అవర్‌లో మాకు చదివి వినిపించారు. చదవడం అయ్యాక, "పిల్ల బడి మానేస్తుందని ముందు ఎవరికి తెలుస్తుంది?" అని అడిగారు. టీచరుకు, సర్పంచికి అని ఏవేవో చెప్పాం. "తోటి పిల్లలకు. మీకే ముందు తెలుస్తుంది" అన్నారు. మా తలలు వంగిపోయాయి.

అప్పటి నుంచి గోడపత్రికలో ఒక కొత్త భాగం చేర్చాం. దాని పేరు 'రావలసినవారు'. వేసవి చార్టు కింద అందరి పేర్లూ రాసి, జూన్‌లో వచ్చినవాళ్ళ పేరు పక్కన టిక్కు పెట్టడం. ఆ చార్టును చింపకుండా జూన్ దాకా గోడకే ఉంచేవాళ్ళం.

2004 ఏప్రిల్‌లో మేడం ఇంకో పని చేశారు. పోస్టాఫీసు నుంచి తొంభై ఆరు పోస్టు కార్డులు తెప్పించారు. అప్పుడు కార్డు యాభై పైసలు, మొత్తం నలభై ఎనిమిది రూపాయలు. "ఇది మీ గుడ్ల పైసలు కాదు, నా సొంతం" అని నవ్వించారు. అన్నింటి మీదా హాస్టల్ చిరునామా మా చేతనే రాయించి, తలా ఒకటి ఇచ్చారు. "ఇంట్లో కష్టం వచ్చినా, మీకు గానీ మీ ఊళ్ళో ఇంకో అమ్మాయికి గానీ బడి మాన్పిస్తున్నారని తెలిసినా రెండు ముక్కలు రాసి డబ్బాలో వెయ్యండి. స్టాంపు అక్కర్లేదు, ఎవరినీ పైసలు అడగక్కర్లేదు" అన్నారు.

ఆ వేసవిలో ఏడెనిమిది కార్డులు వచ్చాయట. ఒకరు "మా మేక ఈనింది" అని రాశారు. ఒకరు "ఇక్కడ గుడ్డు లేదు" అని రాశారు. ఒకరు కార్డు నిండా మామిడికాయ బొమ్మ వేశారు. జూన్‌లో మేడం అవన్నీ గోడకు అంటించారు. నవ్వుకున్నాం. టిక్కులన్నీ పడ్డాయి.

2005 మే నెలలో ఒక కార్డు వచ్చింది. అప్పుడు మేము తొమ్మిది పూర్తిచేసి ఇళ్ళ దగ్గరున్నాం. కార్డు రాసింది ఐదో తరగతి చెల్లెలు. "మా ఊరి ఏడో తరగతి అక్కకు పెండ్లి. వచ్చే శుక్రవారం." అంతే రాసింది. హాస్టల్లో వాచ్‌మన్ తాత ఒక్కడే ఉన్నాడు. ఆయనకు చదువు రాదు. కార్డు ఇచ్చిన పోస్ట్‌మన్‌తోనే చదివించుకున్నాడు. విన్న వెంటనే గేటుకు తాళం వేసి, అంగీ తొడుక్కుని, వార్డెన్ మేడం ఉండే ఊరికి బస్సెక్కాడు. ఎనిమిదేళ్ళలో పగటిపూట ఆయన గేటు వదిలిపెట్టడం మేము వినడం అదే మొదలు.

మేడం ఎం.ఆర్.ఓ. ఆఫీసుకు, పోలీస్ స్టేషన్‌కు వెళ్ళి చెప్పారు. అందరూ కలిసి ఆ ఊరికి వెళ్ళారు. "మా పిల్ల మా ఇష్టం" అన్నాడు తండ్రి. పద్దెనిమిది నిండకుండా పెళ్ళి చేస్తే కేసు అవుతుందని ఎస్సై గారు చెప్పారు. పెళ్ళి ఆగింది. అయితే అసలు ప్రశ్న అలాగే మిగిలింది. తల్లిదండ్రులు పనికి పోతే ఆ పిల్ల జూన్ దాకా ఎక్కడుండాలి? దీనికి ఎస్సై గారి దగ్గరా జవాబు లేదు, ఎం.ఆర్.ఓ. గారి దగ్గరా లేదు. మన కామాటి అమ్మ, "నా ఇంట్ల నా బిడ్డతోని పంటది, ఏమైతది?" అంది. ఆమెది ఒక్క గది ఇల్లు. ఆ గదిలోనే ఆ అమ్మాయి నెలన్నర ఉంది. జూన్‌లో కామాటి అమ్మే చెయ్యి పట్టుకుని హాస్టల్‌కు తీసుకొచ్చింది.

ఇదంతా విని కథ సుఖాంతమైందని అనుకోకండి. ఆ అమ్మాయి మాతో గానీ, కార్డు రాసిన చెల్లెలితో గానీ ఒక సంవత్సరం మాట్లాడలేదు. ఊళ్ళో వాళ్ళ నాయిన తల ఎత్తుకోలేకపోయాడు. కొన్న చీరలు, గాజులు వాపసు ఇచ్చారు. "పోలీసులను తెచ్చినోళ్ళు" అని ఆమె మమ్మల్ని పేరుపెట్టి పిలిచేది. ఐదో తరగతి చెల్లెలు రాత్రిళ్ళు ఏడ్చేది. "అక్కా, నేను కార్డు వెయ్యకుంటనే బాగుండు" అనేది. మేము వంతులవారీగా ఆమె పక్కన పడుకునేవాళ్ళం. నిజం చెప్పిన తర్వాత ఒంటరిగా వదిలేస్తే ఇంకెవరూ నిజం చెప్పరని మాకు అప్పుడు అర్థమైంది.

మేము హాస్టల్ వదిలే రోజున ఆ అమ్మాయి మా దగ్గరకు వచ్చి, ఏమీ అనకుండా మా సంచులు బస్టాండు దాకా మోసింది. తర్వాత పదో తరగతి పాసై, ఏ.ఎన్.ఎం. ట్రైనింగ్ చేసింది. ఇప్పుడు ఊళ్ళు తిరిగి పసిపిల్లలకు టీకాలు వేస్తోంది. పెళ్ళి కూడా చేసుకుంది, తనకు ఇష్టమైనప్పుడు. పత్రిక పిలిచింది కదా మేమందరం కలిసి ఫోటో దిగాలని ఇప్పుడు ఆమే అందరికన్నా ఎక్కువ తొందరపెడుతోంది.

ఇక నీలం పెట్టె సంగతి.

రెండేళ్ళ కింద మాలో ఒకరు కురుమూర్తి జాతరకు వెళ్ళారు. దీపావళి తర్వాత జరిగే ఆ జాతరలో జనం ఎలా ఉంటారో మన పాలమూరు వాళ్ళకు చెప్పనక్కర్లేదు. గాజుల కొట్టు దగ్గర ఒకామె బేరం ఆడుతోంది. డజను ఇంత అయితే మూడున్నర డజన్లు ఎంతో కొట్టు అతని కన్నా ముందు ఆమె చెప్పేసింది. ఆ గొంతు, ఆ వేగం విని మావాళ్ళు తిరిగి చూశారు. ఆమే. పక్కన ఎదిగిన కూతురు. ఇద్దరూ పట్టుకుని ఏడ్చుకున్నారట.

ఆ తర్వాత మేము అందరం ఒక ఆదివారం ఆమె ఇంటికి వెళ్ళాం. చాలా కష్టాలు పడింది. మొదటి కాన్పులో బిడ్డ దక్కలేదు. బొంబాయిలో పదేళ్ళు మట్టి మోసింది. తిరిగి వచ్చాక ఓపెన్ స్కూల్లో పదో తరగతికి ఫీజు కట్టింది. లెక్కల్లో మంచి మార్కులే వచ్చాయి, ఇంగ్లీషు పోయింది. మళ్ళీ కడతానంటోంది. కూతుర్ని హాస్టల్లో పెట్టి చదివించింది. ఆ నీలం పెట్టెనే కూతురికి ఇచ్చి పంపిందట. రంగు పోయిన చోట మళ్ళీ నీలమే వేయించింది.

ఎన్నో ఏళ్ళుగా మా గొంతులో ఉన్న మాట అప్పుడు అడిగాం. "మేము మేడానికి చెప్పలేదు. మా మీద కోపం లేదా?" అని.

"నేనే చెప్పొద్దన్న గదా. మీ తప్పేముంది?" అంది. టీ గ్లాసులు కడిగి బోర్లించింది. వచ్చి కూర్చుని, "గానీ ఆ రోజు మేడం పెట్టె గురించి అడిగినప్పుడు, మీల ఒక్కతన్న చెప్తే బాగుండు అనుకున్న. గేటు దాటేదాక అనుకున్న. అందుకే తిరిగి చూసిన" అంది.

మేము చెయ్యి ఊపింది గుర్తొచ్చింది. ఎవరికీ మాట రాలేదు.

ఈ సంగతి హాస్టల్ పత్రికకు రాయవచ్చా అని అడిగాం. "రాయుండ్రి, అంత రాయుండ్రి. నా పేరు మాత్రం వద్దు. నా బిడ్డ దోస్తులు చదువుతరు" అంది. అందుకే పేరు రాయలేదు. ఈసారి వేసిన ఒట్టు నిలబెట్టుకుంటున్నాం.

చెల్లెళ్ళారా, ఇప్పుడు మీకు మాకన్నా ఎక్కువ దారులున్నాయి. మా రోజుల్లో 1929 నాటి పాత చట్టమే ఉండేది. 2007 నవంబరు 1 నుంచి బాల్య వివాహాల నిషేధ చట్టం అమలులో ఉంది. పద్దెనిమిది నిండని అమ్మాయికి పెళ్ళి చేస్తే రెండేళ్ళ వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా పడవచ్చు. ఒకవేళ పెళ్ళి జరిగిపోయినా అంతటితో అయిపోలేదు. దాన్ని రద్దు చేయమని ఆ అమ్మాయి కోర్టును అడగవచ్చు. పద్దెనిమిది నిండిన తర్వాత రెండేళ్ళ వరకు ఆ హక్కు ఉంటుంది. 1098 నంబరుకు పైసా ఖర్చు లేకుండా ఫోన్ చేయవచ్చు. మా పోస్టు కార్డుకు అది పెద్దక్క లాంటిది.

ఇప్పుడు కూడా ఇలాంటివి జరుగుతాయా అని మీలో కొందరు అనుకోవచ్చు. 2019–21లో చేసిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 20 నుంచి 24 ఏళ్ళ మహిళల్లో పద్దెనిమిది నిండకుండానే పెళ్ళయినవాళ్ళు తెలంగాణలో 23.5 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 29.3 శాతం అని తేలింది. అంటే ఇంచుమించు నలుగురిలో ఒకరు. రాత్రి భోజనాల వరుసలో మీ ముందు, వెనక కూర్చున్నవాళ్ళను లెక్కపెట్టి చూడండి. 2020 మార్చిలో కరోనా వల్ల బడులు ఉన్నట్టుండి మూసేసినప్పుడు గోడపత్రిక రాసే సమయం కూడా ఎవరికీ దొరకలేదు. మేము భయపడి, అప్పటి వార్డెన్ మేడం దగ్గర నంబర్లు తీసుకుని, తలా పది ఇళ్ళకు ఫోన్లు చేశాం. "ఊరికే, బాగున్నరా అని చేసినం" అనేవాళ్ళం. ఊరికే కాదని వాళ్ళకూ తెలుసు.

వేసవి సెలవులు దగ్గరపడుతున్నాయి. మీ గోడపత్రిక మీరు రాసుకుంటారు. ఆటల్లో గెలిచినవి, మార్కులు, వంటక్క ముచ్చట్లు అన్నీ రాయండి. ప్రతి అమ్మాయి పేరూ రావాలి, ఎందుకంటే చూసి మురిసిపోయే అమ్మానాయినలు ఉంటారు. తర్వాత ఒకసారి స్టోరు రూములోకి వెళ్ళి పెట్టెలు లెక్కపెట్టండి. ఎవరి పెట్టె అయినా లేకపోతే ఎందుకు లేదో అడగండి. "ఎవరికీ చెప్పొద్దు" అని ఎవరైనా ఒట్టు పెట్టించుకుంటే, ఆ రాత్రికి రాత్రే వార్డెన్ మేడం తలుపు తట్టండి. ఆ అమ్మాయికి కోపం వస్తుంది. ఏడాది పాటు మాట్లాడకపోవచ్చు. ఆ ఏడాది మీరు భరించండి. కార్డు రాసిన చెల్లెలు అలాగే భరించింది.

ఈసారి మేము వార్షికోత్సవానికి పదకొండు మందిమీ వస్తున్నాం. గురుకులానికి పోయిన ఆమె, వేరే జిల్లాకు పోయిన ఆమె కూడా వస్తామన్నారు. పద్నాలుగో ఆమె కూలికి పోని రోజైతే వస్తానంది. మేము ఆదివారమే పెట్టమని మేడాన్ని అడిగాం. మీరు భోజనాల హాల్లో ఒక చార్టు అతికించి ఉంచండి. పైన 'రావలసినవారు' అని రాయండి. మా పేర్లు మేమే రాసుకుంటాం, పక్కన టిక్కులు కూడా మేమే పెట్టుకుంటాం.

ఇట్లు
మీ అక్కలు,
2005–06 పదో తరగతి బ్యాచ్